ముల్లు ఎటు తిరిగినా సరే, డయల్ మనం గీసుకోవాలి



ఎడమవైపు తిరిగే ‘ఆదివాసీ వాచీ’ ఫొటోలు ఈమధ్య మన గ్రూపుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. గుజరాత్‌లో మనవాళ్లు చేతికి పెట్టుకుంటున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో గోండుల ఇళ్లల్లో ఇలాంటి గోడ గడియారాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 12కి కుడిపక్కన 1 ఉండాల్సిన చోట 11 ఉంటుంది, ముళ్లు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. చూసినవాళ్లలో కొందరు ‘ఇదే మన టైమ్’ అని స్టేటస్ పెడుతున్నారు. కొందరు ‘లోకం ముందుకి పోతుంటే వీళ్లు వెనక్కి పోతున్నారు’ అని నవ్వుతున్నారు. నవ్వేవాళ్లకి ఒక జవాబు, స్టేటస్ పెట్టేవాళ్లకి ఒక ప్రశ్న, రెండూ మా దగ్గర ఉన్నాయి.

ముందు నవ్వేవాళ్ల సంగతి. గడియారం కుడివైపే ఎందుకు తిరుగుతుంది? యూరప్‌లో ముళ్ల గడియారం రాకముందు ఎండ గడియారం ఉండేది. అక్కడ పాతిన కర్ర నీడ పొద్దున పడమటికి, మధ్యాహ్నం ఉత్తరానికి, సాయంత్రం తూర్పుకి జరుగుతుంది. ఆ నీడ దారినే ముల్లుకి ఇచ్చారు. భూమధ్యరేఖకి దక్షిణాన ఎక్కువగా నీడ ఎదురు దారిలో నడుస్తుంది. అందుకే 2014లో బొలీవియా దేశం లా పాజ్‌లోని తన పార్లమెంటు భవనం గడియారాన్ని ఎడమవైపు తిరిగేలా మార్చింది. అప్పటి విదేశాంగ మంత్రి దావీద్ చోకెవాంకా ఐమారా ఆదివాసీ. ఆయన దాన్ని ‘దక్షిణాది గడియారం’ అన్నాడు.

మన ఏజెన్సీలో ఇంకో చిత్రం ఉంది. ఆదిలాబాద్ నుంచి పాడేరు, సీతంపేట దాకా మనం కర్కాటక రేఖకి దిగువన ఉన్నాం. మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం పక్కకి వెళ్తాడు. అప్పుడు నీడ దక్షిణానికి పడుతుంది, మధ్యాహ్నం వేళ ఎడమవైపే తిరుగుతుంది. మిగతా ఏడాదంతా కుడివైపు. పొడవాటి వెదురు ఒకటి నిటారుగా పాతి, గంటకోసారి నీడ చివర రాయి పెట్టి చూడండి, తెలిసిపోతుంది. కాబట్టి ఎడమవైపు తిరిగే ముల్లు పిచ్చీ కాదు, సైన్సుకి వ్యతిరేకమూ కాదు. డయల్ అనేది ఎవరో ఒకచోట తీసుకున్న నిర్ణయం. ఇంకోచోట ఇంకొకరు ఇంకోలా నిర్ణయించుకోవచ్చు.

ఇక స్టేటస్ పెట్టేవాళ్లకి మా ప్రశ్న. భూమి తిరిగేది అటే, మన పెళ్లిలో తిరిగేది అటే, నాగలి మళ్లేది అటే అంటున్నాం. బాగుంది. కానీ ఆ వాచీలో ముల్లు తిరిగే దిక్కు తప్ప మనది ఇంకేముంది? అంకెలు అవే, భాష అదే. గంటకి అరవై నిమిషాలని చూడటం నేర్వని మన అవ్వకి ఆ వాచీ ఇస్తే మామూలు వాచీ ఎంత అర్థమవుతుందో అదీ అంతే. అద్దంలో చూపిస్తే అదే వాచీ.

వేరే రకం వాచీ చేయాలంటే ముందు పెట్టుకునే మనిషి దగ్గర మొదలుపెట్టాలి. 2013లో అమెరికాలో ‘బ్రాడ్లీ’ అనే వాచీ వచ్చింది. దాన్ని చేసిన హ్యుంగ్‌సూ కిమ్ క్లాసులో చూపు లేని స్నేహితుడు ఒకడు ఉండేవాడు. అతని వాచీ పైకి మాట్లాడి టైమ్ చెప్పేది. క్లాసు మధ్యలో అది మోగితే బాగోదని పక్కవాళ్లని అడిగేవాడు. కిమ్ మొదట బ్రెయిలీ వాచీ చేద్దామనుకున్నాడు. చూపు లేనివాళ్లని అడిగితే, తమలో చాలామందికి బ్రెయిలీ రాదని, పైగా అందరూ పెట్టుకునేలాంటి అందమైన వాచీ కావాలని చెప్పారు. అప్పుడు ముళ్లు తీసేసి రెండు చిన్న ఇనుప గోలీలు పెట్టాడు. ముందు గాడిలో తిరిగేది నిమిషం, పక్క గాడిలో తిరిగేది గంట. వేలితో తడిమితే టైమ్ తెలుస్తుంది. అడగకుండా చేసి ఉంటే అది కొందరికే పనికొచ్చేది.

మన దగ్గర అడగాల్సినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, వాడుకోవాల్సిన సరుకూ ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి సొంత అంకెలున్నాయి. 2018లో అది యూనికోడ్‌లో చేరింది, అంటే కంప్యూటర్లో టైప్ చేసి డయల్ మీద ప్రింట్ వేసుకోవచ్చు. 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సవర లిపికీ అంకెలున్నాయి. సవర లెక్క ఇంకా గొప్పది. 12 దాకా లెక్కపెట్టి, 13ని ‘12, 1’ అని, 14ని ‘12, 2’ అని 19 దాకా చెబుతారు. ఇరవై నుంచి ఇరవైల లెక్క. రైల్వే టైమ్‌లో 13 గంటలంటే ఎంతో చాలామంది వేళ్లమీద లెక్క వేసుకుంటారు. సవర పిల్లకి ఆ మాటలోనే మధ్యాహ్నం ఒంటిగంట అని ఉంది! పన్నెండు అంకెల డయల్‌కి ఇంతకంటే సరిపోయే లెక్క ఎక్కడుంది?

ఇంకోటి. మన పెద్దలు నిమిషాలు చెప్పరు. తొలికోడి, బారెడు పొద్దు, అంబలి వేళ, పశువులు మళ్లే వేళ, పొద్దుగూకే వేళ అంటారు. నిమిషాల ముల్లు పీకేసి, రోజుకి ఒక్కసారి తిరిగే గంటల ముల్లు ఒక్కటే ఉంచి, అంకెల చోట ఈ వేళల బొమ్మలు వేస్తే అవ్వ కూడా చదువుతుంది. చుట్టూ ఇంకో వరసలో ఇప్పపూలు రాలే కాలం, విత్తే కాలం, కొత్తల పండగలు పెట్టొచ్చు.

‘ఇవన్నీ బాగానే ఉన్నాయిగానీ పరీక్షకి నిమిషం లేటైతే గేటు వేస్తారు కదా’ అంటారు. నిజమే. హాల్‌టికెట్ మీద టైమ్ అందరిదీ, దానికి మామూలు గడియారమే చూసుకోవాలి. మనం రెండు భాషలు మాట్లాడినట్టే రెండు గడియారాలూ చదవగలం. మన వేళల పేర్లు మాత్రం గేటు దగ్గర ఎవరూ అడగరు, అందుకే ముందు పోయేవి అవే.

మా భయం ఒకటుంది. మనం చేయకపోతే, రేపు ఏదో కంపెనీ డయల్ మీద గుస్సాడి టోపీ బొమ్మ ఒకటి వేసి మనకే అమ్ముతుంది. డబ్బు వాళ్లకి, బొమ్మ మనకి.

దీనికి పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. అంకెలు మార్చడానికి లోపలి మిషను ముట్టుకోనక్కర్లేదు, డయల్ కాగితం మారిస్తే చాలు. ఒక్క ముల్లు వాచీకి 24 గంటల మిషను, ఎడమవైపుదానికి ఎదురు తిరిగే మిషను బయట దొరుకుతాయి. గోడ గడియారంతో మొదలుపెడదాం. ఈ సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు మీ అవ్వాతాతల్ని అడిగి, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఒక్కో వేళకి మీ భాషలో పేరేంటో రాసుకురండి. కోయ, గోండి, కువి, సవర, కొలామీ, ఏదైనా సరే. డ్రాయింగ్ వచ్చినవాళ్లు, ఐటీఐ చదివేవాళ్లు కామెంట్లో చెయ్యెత్తండి. మొదటి డయల్ ఏ భాషలో గీద్దామో వచ్చిన పేర్లని చూసి అందరం కలిసి తేల్చుకుందాం.