మచ్చ ఎవరిది? చెరిపేదెవరు?

రోలుగుంట మండలంలో మా వాడ ముసలమ్మ ఒకామె పోయింది. దినకార్యానికని ఆమె ఫోటో పెద్దది చెయ్యమని టౌన్లో స్టూడియోకి ఇచ్చాం. వచ్చిన బొమ్మ చూసి మనవరాలు "ఈవిడెవరే అమ్మా?" అంది. మొహాన అమ్మవారు పోసిన మచ్చల్లేవు. ఎండకి కమిలిన నలుపు లేదు. సున్నం కొట్టిన గోడలా ఉంది. అడిగితే "నీటుగా చేసీసినాం గదా, డబ్బులెక్కువేటీ తీసుకోలేదు" అన్నాడు స్టూడియో తమ్ముడు.

నీటంటే ఏమిటని మేం అడుగుతున్నాం. నలుపు మురికా? మచ్చ తప్పా?

తమ్ముడి మీద మాకు కోపం లేదు. అతను నేర్చుకున్న పనే అది. వెనకట నెగెటివ్ మీద మచ్చ ఉన్న చోట సన్నటి పెన్సిలుతో దిద్దేవారు. అక్కడ ప్రింటు తెల్లగా వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్లో నిమిషం పని. అసలు రంగు ఫిలిం కొలతే తెల్ల చర్మం. కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన 'షర్లీ కార్డు' మీద ఉన్నది తెల్ల అమ్మాయి. ఆమె బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టే! మన దేశంలో 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుంది. తెలుపు మోజు మారిందా?

ముసలమ్మ మచ్చలు మశూచివి. 1975 దాకా ఆ రోగం ఈ దేశంలో మనుషుల్ని మింగింది. ఆమె దాన్ని గెలిచి బతికింది. జీడిపిక్కలు కొట్టిన చేతులకి జీడి కాలిన మచ్చలుంటాయి. చెరకు తోటల్లో ఎండ మొహాన్ని మాడుస్తుంది. ఇవి మన కష్టం రాసుకున్న లెక్కలు. వీటిని తుడిచేస్తే ఆ కష్టం ఎవరు చేసినట్టు?

"పిల్ల పెళ్లికి తెల్ల ఫోటో లేకపోతే ఎలా?" అంటారు కొందరు. పెళ్లిచూపుల నాడు అబద్ధం బయటపడుతుంది. అప్పుడు తల దించుకునేది ఫోటో కాదు, మన పిల్ల!

అన్నలారా, అక్కలారా! పాత ఫోటో మీది గీతలు, దుమ్ము చుక్కలు తియ్యమనండి. మొటిమ తియ్యాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. కానీ "అడక్కుండా రంగు మార్చొద్దు, మచ్చ ముట్టుకోవద్దు" అని డబ్బులిచ్చే ముందే చెప్పండి. సంఘం పోస్టర్లలో మన పెద్దలకి, క్యాలెండర్లో బాబాసాహెబుకి తెల్లరంగు పూస్తే నిలదీయండి.

మేం ఆ ఫోటోకి మళ్లీ ప్రింటు తీయించాం. ఇప్పుడు మనవరాలు దాన్ని చూసి "మా మామ్మ" అంటోంది.

జై భీమ్!