పురుగుది తప్పా? మనదా?

"పురుగుకి తెలివి మీరింది" అంటారు మా పెదనాన్న. "విత్తనం నకిలీది" అంటాడు పక్క చేను మామ. మా రాయచూరు జిల్లాలో పత్తి చేలో గుడ్డి పూలు కనబడితే చాలు, ఈ రెండు మాటలే వినబడతాయి. పెద్దలు కోప్పడకపోతే ఒక మాట చెప్తాను. గులాబీ రంగు పురుగును ఇలా తయారు చేసింది మనమే.

పురుగు ఆలోచించి మారదు. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పురుగును చంపే విషం ఆ మొక్కలోనే ఉంటుంది. కొన్నేళ్ళలోనే ఎటు చూసినా అదే పత్తి. పత్తి చేనే ఇల్లుగా బతికే పురుగుకి ఆ ఇల్లంతా విషం చేసేశాం. లక్షల్లో ఏ కొన్నో పుట్టుకతోనే దాన్ని తట్టుకున్నాయి. మిగతావి చచ్చాయి, ఇవి వాటిలో అవే జతకట్టాయి. ఇంచుమించు నెలకో తరం! 2010లో గుజరాత్‌లో ఈ సంగతి బయటపడింది. రెండు విషాలున్న రకం 2006లో వస్తే, 2015 నాటికి అక్కడే దాన్నీ తట్టుకున్నాయి. పరిణామమంటే లక్షల ఏళ్ళ కథ అనుకుంటాం. మన చేలలో పదేళ్ళు కూడా పట్టలేదు.

దీనికి విరుగుడు మన చేతికే ఇచ్చారు. బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాలు వచ్చేవి. వాటిని చేను చుట్టూ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకున్న వాటితో అవి కలిస్తే, పుట్టిన పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. చాలామంది ఆ ప్యాకెట్‌ను గట్టు మీద పారేశారు.

"రెండెకరాల్లో పురుగుకి వాటా ఎక్కడిది?" అంటారు. కష్టమే, ఒప్పుకుంటాను. మరి ఇప్పుడు చేనంతా పురుగు పాలే కదా! అమెరికాలోని అరిజోనా రైతులు అలాంటి పత్తి వేశారు. తర్వాత ప్రభుత్వంతో కలిసి, పిల్లలు పుట్టని రెక్కల పురుగులను వదిలారు. 2018లో తమ దేశపు పత్తిలో ఈ పురుగు లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

మనం ఇంకో తీత వస్తుందని మార్చి దాకా చేను ఉంచుతాం. పత్తి కట్టె ఇంటి వెనక కుప్ప వేస్తాం. ఆ కట్టెకున్న ఎండు కాయల్లో పురుగు వచ్చే పంట దాకా హాయిగా పడుకుంటుంది. మా ఇంటి వెనకా ఒక కుప్ప ఉంది. సంక్రాంతికల్లా చేను ఖాళీ చేద్దామని, కట్టె ఉంచొద్దని ఈసారి నాన్నతో పోట్లాడతాను. మీరూ మీ ఇంట్లో పోట్లాడండి. ఒక్క చేను మారితే చాలదు, ఊరంతా మారాలి.