పెంబర్లీ ఎవరి ఇల్లు?

ఆడవాళ్లు టీవీలో ఏది ఇష్టంగా చూసినా ఎగతాళి చెయ్యడం పాత అలవాటు. పట్టుచీరల తెలుగు సీరియల్ అయినా, పొడుగు గౌన్ల ఇంగ్లీషు సీరియల్ అయినా ఒకటే మాట: పనిలేక చూస్తారు, అందగాడైన హీరో కోసం చూస్తారు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న మనం దీన్నుంచి తప్పించుకోవడానికి ఒక సాకు సిద్ధంగా పెట్టుకున్నాం. మేం చూసేది జేన్ ఆస్టిన్ వ్యంగ్యాన్ని, ఎలిజబెత్ తెలివిని అంటాం. నాకు ఆ ఎగతాళితోనూ పేచీ ఉంది, ఈ సాకుతోనూ పేచీ ఉంది. ఈ కథలు మనల్ని పట్టి కూర్చోబెట్టేది ప్రేమతో కాదు, వ్యంగ్యంతోనూ కాదు. నిలువ నీడ పోతుందన్న భయంతో.

1995లో బీబీసీ ఆరు భాగాలుగా తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’నే తీసుకోండి. మూలం 1813 నాటి నవల. బెన్నెట్ గారికి ఏడాదికి రెండువేల పౌండ్ల రాబడి ఇచ్చే ఎస్టేటు ఉంది, అయిదుగురు ఆడపిల్లలున్నారు, కొడుకు లేడు. ఆస్తి మగ వారసుడికే పోవాలన్న కట్టడి ఉంది కాబట్టి ఆయన కన్నుమూసిన మర్నాడే లాంగ్‌బర్న్ ఇల్లు దూరపు బంధువు కాలిన్స్‌ది అవుతుంది. తల్లి తాలూకు అయిదువేల పౌండ్లే వాళ్లకి దిక్కు. అందుకే నాట్యశాలలోకి ఒక మగవాడు అడుగుపెట్టగానే అతని ఆదాయం ఊరంతా తెలిసిపోతుంది. డార్సీకి ఏడాదికి పదివేలట! “అబ్బాయికి ఎంతొస్తుందట?” అన్న ప్రశ్న మధ్య పెరిగిన మనకి ఇదంతా ఎవరైనా విడమర్చి చెప్పాలా? ఇవాళ్టి ప్రేమకథలు దాచిపెట్టే లెక్కని ఈ సీరియల్ బల్లమీద పరుస్తుంది. పెళ్లంటే ఆడదానికి బతుకుతెరువు అని పచ్చిగా ఒప్పుకుంటుంది. మనకి కలిగే ఆనందంలో సగం ఆ నిజాయితీ వల్లే.

తిరకాసు మిగతా సగంలో ఉంది. పరిచిన లెక్కని అది హీరో చేత్తో మూయిస్తుంది. డార్సీ చెరువులో ఈది తడిచొక్కాతో ఎలిజబెత్‌కి ఎదురుపడే దృశ్యం నవలలో లేదు, స్క్రీన్‌ప్లే రాసిన ఆండ్రూ డేవిస్ కలిపింది. నవలలో అక్కడ ఉన్నది పెంబర్లీ. ఆ తోట, ఆ గదులు, యజమాని మంచితనాన్ని పొగిడే పనిమనిషి. ఆ ఇంటికి యజమానురాలు కావడమంటే మామూలు విషయం కాదని ఎలిజబెత్‌కి తోస్తుంది. సీరియల్‌లోనూ ఆ ఇల్లుంది, కానీ జనానికి గుర్తున్నది చొక్కా. మగవాడి శరీరం ఆడదాని చూపుకి దొరకడం మీద నాకు అభ్యంతరం లేదు, ఆ మాటకొస్తే సంతోషమే. నా అభ్యంతరమల్లా, ఆ కోరిక చాటున ఆస్తి ప్రశ్న జారిపోవడం మీద. కథ ముగిసేసరికి లాంగ్‌బర్న్ ఇంకా కాలిన్స్‌కే పోతుంది. పెళ్లికాని ఇద్దరు చెల్లెళ్లు బావల దయ మీద బతకాల్సిందే. పెళ్లిగంటల మోతలో అది మనకి వినపడదు.

2010 నుంచి 2015 వరకు వచ్చిన ‘డౌన్టన్ ఆబీ’ ఇదే లెక్కని ఒక శతాబ్దం జరిపింది. 1912లో టైటానిక్‌తోపాటు వారసులు మునిగిపోవడంతో కథ మొదలవుతుంది. అమెరికా నుంచి కోడలిగా వచ్చిన కోరా తెచ్చిన డబ్బు ఎస్టేటులో కలిసిపోయింది, అయినా అది ఆమె కూతుళ్లకి రాదు. పుట్టింటి సొమ్ము అత్తింటి పేరున మాయం కావడం మనకి కొత్తా? పెద్దకూతురు మేరీ ఈ అన్యాయానికి మండిపడుతుంది. పరిష్కారం? కొత్త వారసుడు మాథ్యూతో ఆమెకి పెళ్లి. అతను చనిపోయాక దొరికిన ఒక ఉత్తరం ఆమెకి వాటా తెచ్చిపెడుతుంది. మంచి మొగుడు రాసిపెట్టాడు కాబట్టి వచ్చింది, హక్కు ఉండి కాదు.

ఆస్టిన్ జీవితంలో అలాంటి ఉత్తరం లేదు. 1802 డిసెంబరులో, 27 నిండడానికి రెండువారాల ముందు, ఒక ఎస్టేటు వారసుడు పెళ్లాడతానంటే ఆమె రాత్రి ఒప్పుకుని పొద్దున్నే కాదంది. 1805లో తండ్రి పోయాక తల్లి, అక్కలతో కలిసి అన్నదమ్ముల సాయం మీద బతికింది. 1809లో సంపన్న బంధువుల ఆస్తికి వారసుడైన అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇల్లిచ్చాడు. ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ హక్కుల్ని 110 పౌండ్లకి అమ్ముకుంది. నవలలో 27 ఏళ్ల షార్లెట్ లూకస్, ఏ ప్రేమా లేకుండా, ఇంటికోసం కాలిన్స్‌ని కట్టుకుంటుంది. రచయిత్రి కాదన్న బేరం ఆ పాత్ర ఒప్పుకుంది. ఈ ఇద్దరి మధ్య ఉన్న భయమే ఆ నవలకి వెన్నెముక. మరి 2007లో ఆస్టిన్ మీద తీసిన సినిమా ఏం చేసింది? ఆమె బతుకుని కూడా ఒక ప్రేమకథ చుట్టూ తిప్పింది.

ఇంగ్లండు గొడవ మనకెందుకు అనకండి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు నుంచి వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి ఆనాటికి బతికుండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పసుపుకుంకుమల కింద ఇంత చేతిలో పెట్టి, హక్కు వదులుకుంటున్నట్టు ఆడపడుచుల చేత సంతకాలు పెట్టించుకోవడం మన ఇళ్లల్లో ఆగలేదు. పెట్టనన్న కూతురు ఆశపోతు అవుతుంది. పెట్టిన కూతురు పుట్టిల్లు నిలబెట్టుకున్న బుద్ధిమంతురాలు. చదువుకున్నవాళ్లం, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లం కూడా పెడుతున్నాం. మంచి మగవాడు దొరికితే చట్టంతో పనిలేదన్న నమ్మకం మన వేళ్లలో అంతగా ఇంకిపోయింది. ఈ సీరియళ్లు ఆ నమ్మకాన్ని పుట్టించలేదు. కానీ అందమైన గౌన్లు తొడిగి, మన కళ్ల ముందు తిప్పి, దానికి గౌరవం తెచ్చిపెడుతున్నాయి.

అందుకని చూడ్డం మానెయ్యమనడం లేదు. భయాన్ని భయంగా చూపించే కథలు మనకి కావాలి. ఆ భయానికి పెళ్లికొడుకుని మందుగా ఇచ్చినప్పుడు మాత్రం నోరు విప్పి అడగాలి. క్లాసులో డార్సీ గర్వం మీద ఇన్నేళ్లూ ప్రశ్నలిచ్చాం. ఈసారి లాంగ్‌బర్న్ దస్తావేజు మీద ఒక ప్రశ్న ఇద్దాం. ఇంట్లో మన ముందుకి దస్తావేజు వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు చదువుదాం.