ముఫ్త్ గేమూ, ఇంటి అమానతూ

కంప్యూటర్ గేముల మీద మన ఇళ్లల్లో బహస్ ఎప్పుడూ ఒక్కటే: ఆడనివ్వాలా, వద్దా? నా ఫికర్ అది కాదు. ఆ గేమ్ ఏ దర్వాజా నుంచి ఇంట్లోకి వచ్చిందన్నదే.

పిల్లల షౌక్ పెద్దది, జేబు చిన్నది. అందుకే క్రాక్ చేసిన గేములు ముఫ్త్‌గా దింపుకుంటారు. చాలావాటితో పాటు ఒక హిదాయత్ కూడా వస్తుంది: ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి అని. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు గుమ్మం ముందు నిలబడి, "మీ చౌకీదార్‌ని కాసేపు పంపించేయండి" అంటే పంపిస్తామా? పిల్లాడు మాత్రం పంపించేస్తాడు. ప్రతి క్రాక్‌లోనూ వైరస్ ఉంటుందని నేననను. ఉందో లేదో చూసే కన్నునే ముందుగా మూసేస్తున్నాం కదా అంటున్నాను. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కాజేసే ప్రోగ్రాములు ఇలాంటి దారుల్లోనే వస్తాయి. అదే కంప్యూటర్లో అబ్బా బ్యాంకు పని, ఆపా స్కాలర్‌షిప్ కాగితాలు, ఉమ్రా కోసం స్కాన్ చేసిన దాదీమా పాస్‌పోర్టు. ఇది గేమ్ మామ్లా కాదు, అమానత్ మామ్లా.

పైసలెక్కడివి అంటారా? హలాల్ దారిలోనూ ముఫ్త్ సరుకు ఉంది. సూపర్‌టక్స్‌కార్ట్, జీరో ఏ.డీ. లాంటివి ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చు. స్టీమ్‌లో కొన్న గేమ్ నచ్చకపోతే, 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే పైసలు వాపస్ అడగొచ్చు. మన కంప్యూటర్‌కి సరిపోతుందో లేదో అమ్మే పేజీలోనే రాసి ఉంటుంది. కొనే ముందు అది చదవమనండి.

ఇక గేమ్ ఆగి ఆగి నడిస్తే, "గ్రాఫిక్స్ కార్డ్ కొనివ్వండి" అని జిద్ మొదలవుతుంది. దుకాన్‌కి పోయే ముందు ఒక సాయంత్రం సెట్టింగుల ముందు కూర్చోండి, అబ్బా కూడా. ఉర్దూ మీడియం చదివిన నాకే అర్థమైంది, మీకెందుకు కాదు? రెజల్యూషన్ 1920 బై 1080 ఉంటే, కంప్యూటర్ ఒక్కో ఫ్రేముకి 20,73,600 చుక్కలు గీయాలి. 1280 బై 720కి దించితే 9,21,600 చాలు. సగం కన్నా తక్కువ మెహనత్! షాడోస్ 'లో'లో పెట్టండి. ఫ్రేములు ఎగిరెగిరి పడుతుంటే 30 దగ్గర కట్టేయండి, ఆట నిలకడగా సాగుతుంది. విడిగా కార్డ్ లేని కంప్యూటర్ బొమ్మల కోసం కూడా మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్కటే ర్యామ్ ఉండి, పక్కన స్లాట్ ఖాళీగా ఉంటే జోడీగా రెండోది వేయించండి, తేడా కనిపిస్తుంది.

ఇంకో పని. విండోస్‌లో పిల్లలకి వేరే అకౌంట్ తెరవండి, 'స్టాండర్డ్ యూజర్' రకం. అడ్మిన్ పాస్‌వర్డ్ అమ్మీ దగ్గరుండాలి, ఎందుకంటే అబ్బాలు క్రికెట్ చూస్తూ అడిగిన వెంటనే చెప్పేస్తారు. యాంటీవైరస్ ఆపాలన్నా ఆ పాస్‌వర్డే కావాలి. అప్పుడు బేటా తనంతట తనే వంటింట్లోకి వచ్చి, "అమ్మీ, జర పాస్‌వర్డ్ కొట్టు" అంటాడు. ఏం గేము, ఎక్కడి నుంచి తెచ్చావు అని అడగడానికి అదే మౌకా.