గిత్తకు చదువు ముల్లుగర్రతోనా?

పిల్లలూ! మన ప్రత్తిపాడు వైపు చేలల్లో కోడెగిత్తకు కాడి అలవాటు చేయడం మీలో కొందరైనా చూసే ఉంటారు. నలుగురు పట్టుకుని మెడమీద కాడి వేస్తారు. అది బెదిరి పడుకుంటుంది. ఇక ముల్లుగర్ర పొడుపులు, తోక మెలిపెట్టడం! దెబ్బకు దెయ్యం దడుస్తుందంటారు పెద్దలు. దడుస్తుంది, నిజమే. కాని దడిసినది నేర్చుకుంటుందా? నేర్చుకోదనే నా వాదన.

గిత్త కళ్ళు తలకు రెండు ప్రక్కలా ఉంటాయి. అందువల్ల దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనుక భాగం తప్ప. అటునుంచి వచ్చే మనిషి దానికి కనపడడు. ముల్లు మాత్రం తెలుస్తుంది. తన్నక ఏం చేస్తుంది? పైగా, తనను హింసించిన మనిషిని పశువు గుర్తుపట్టి తొలగిపోతుందని పరిశోధనల్లో తేలింది.

అమెరికాలో అడవి గుర్రాల రక్షణకు 1971లో చట్టం చేశారు. మందలు బాగా పెరిగినచోట కొన్నిటిని పట్టి, పెంచుకునేవారికి ఇస్తారు. వాటిలో చిన్నవాటిని కొన్నిచోట్ల మీ ఈడు పిల్లలే మచ్చిక చేస్తారు. మనిషినే ఎరుగని గుర్రం వాళ్ళకు మాలిమి కాగా, మన దొడ్లో పుట్టిన ఒంగోలు గిత్తకు ముల్లెందుకు?

మొదట తాడు లేకుండా, తవుడు తట్టతో ప్రక్కనుంచి వెళ్ళండి. పశువులు ఒకదానినొకటి ఎక్కువగా నాకేది తల, మెడ దగ్గరే. కనుక మెడ క్రింద నిమరండి. హాయిగా మెడ చాచి నిలబడుతుంది. తరువాత పలుపు. కొద్దిగా లాగి పట్టుకోండి. ఒక్క అడుగు ముందుకు వేసిందా, ఆ క్షణమే వదులు చేయాలి. ఆ వదులే దానికి బహుమానం. గింజుకునేటప్పుడు వదిలారంటే గింజుకోవడమే నేర్పినట్లు! (తరగతిలో అల్లరికీ ఇదే సూత్రమనుకోండి.) రోజుకు పావుగంట చాలు. ఒక్కరే కాక ఇంట్లో ఇద్దరు ముగ్గురు చేయాలి. లేకపోతే రేపు కొన్నవాడి చేతిలో మళ్ళీ బెదురుతుంది. కాడి అన్నిటికన్నా చివర, అదీ పని నేర్చిన ముదురు ఎద్దు జతలో.

"ట్రాక్టర్లు వచ్చాక ఇదంతా ఎందుకు మాస్టారూ?" అంటారేమో. మిరపతోటలో, పత్తిచేలో సాళ్ళ మధ్య గుంటక తోలడానికి ఎడ్లను నమ్ముకున్న రైతులు ఇంకా ఉన్నారు. బెదిరే ఎద్దు ఎన్ని మొక్కలు తొక్కుతుందో వారిని అడగండి. బండలాగుడు పోటీలకు పెంచే గిత్తల సంగతి సరేసరి. పశువును ముల్లున్న కర్రతో తోలరాదని మన దేశంలో 1965 నుంచే నిబంధన ఉంది. దాని అమలు మీరు చూస్తూనే ఉన్నారు.

పెద్ద ఆబోతుల జోలికి మాత్రం పోవద్దు. పాలు మరచిన దూడతో, పెద్దవాళ్ళు దగ్గరుండగా మొదలుపెట్టండి. వెనుకనుంచి వెళ్ళకండి. మొదటిరోజు అది తవుడు ముట్టకపోయినా సరే, తట్ట అక్కడే పెట్టి వచ్చేయండి.