ఖాళీ పేజీ మీద సంతకం

పెసా చట్టం 1996లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో దాన్ని తన పంచాయతీరాజ్ చట్టంలో చేర్చుకుంది. నియమాలు రాయడానికి మాత్రం 2011 దాకా సాగదీసింది. పదమూడేళ్లు! సరే, అదీ అయింది. ఇప్పుడు అడ్డమేమిటి?

పంచాయతీ పెట్టిన ఖర్చు నిజమేనని గ్రామసభే ధ్రువీకరించాలని పెసా 4వ సెక్షన్ చెబుతోంది. గ్రామసభ అంటే సర్పంచి, కార్యదర్శి కాదు. ఓటరు జాబితాలో పేరున్న మనమందరం.

మా ఊళ్లో సభే జరగదు. పోడు పనుల వేళ రిజిస్టరు ఇంటింటికీ వస్తుంది. మేము సంతకాలు పెడతాం, మా అవ్వలు వేలిముద్రలు వేస్తారు. పైన ఏం రాసి ఉందో చూడం. చాలాసార్లు ఏమీ రాసి ఉండదు. తర్వాత లెక్కల్లో బోరు బాగుపడుతుంది. మా ఆడవాళ్లు ఊట నీళ్లే మోస్తుంటారు.

పంతుళ్లం, మా తప్పూ ఉంది. బళ్లో కూడికలు, తీసివేతలు నేర్పుతాం. పంచాయతీ జమాఖర్చుల పుస్తకం ఒక్కనాడూ అడగలేదు. అడిగితే బదిలీ చేస్తారని భయం, ఇంకేముంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి రిజిస్టరు గడపలోకి వస్తే వెనక్కి పంపండి. సభ చింతచెట్టు కింద పెట్టమనండి. ప్రతి పద్దూ మన భాషలో చదివించండి, పక్కన మేముంటాం. బోరు పద్దు రాగానే అందరం లేచి ఆ బోరు దగ్గరికే నడుద్దాం. కార్యదర్శినే కొట్టమందాం.