మస్జిద్ వెబ్‌సైటుకి ఇంత సామాను దేనికి?

మన మొహల్లాల్లో మస్జిద్ కమిటీలు వెబ్‌సైట్లు పెట్టిస్తున్నాయి. మాషా అల్లాహ్, చాలాచోట్ల మన సాఫ్ట్‌వేర్ నౌజవాన్లే పైసా తీసుకోకుండా కట్టిపెడుతున్నారు. వాళ్ళ నియ్యత్ మీద నాకు షక్ లేదు. పేచీ అంతా తరీఖాతోనే.

ఆఫీసులో రియాక్ట్ వాడతారు కాబట్టి మస్జిద్‌కీ రియాక్టే! 2013లో ఫేస్‌బుక్ అందరికీ వదిలిన ఈ లైబ్రరీ, తెర మీద క్షణక్షణం మారే పేజీలకి బాగా పనికొస్తుంది. మామూలుగా దీనితో కట్టిన సైటులో సర్వర్ పంపే పేజీ దాదాపు ఖాళీ. జావాస్క్రిప్ట్ దిగి, ఫోన్ దాన్ని నడిపాకే అక్షరాలు కనబడతాయి. కొత్త ఫోన్‌లో ఫరక్ తెలియదు. మనవడు వాడి వదిలేసిన ఫోన్‌లో సహరీ ఖతం ఎప్పుడో చూసుకునే దాదీమాకి తెలుస్తుంది. ఆమె తెల్లటి తెర చూస్తూ కూర్చుంటే వఖ్త్ ఆగదు కదా.

నమాజు వేళలు క్షణక్షణం మారేవా? సూరజ్ లెక్క ఏటా దాదాపు అదే. అందుకే బుజుర్గులు ఒకే దాయమీ టైంటేబుల్‌ని ఏళ్ళ తరబడి గోడకి తగిలించుకున్నారు. 366 రోజుల వేళల్నీ ఉత్త హెచ్‌టీఎంఎల్ పట్టికగా రాస్తే, వాట్సాప్‌లో వచ్చే ఒక ఫోటో అంత బరువు కూడా ఉండదు. చేత్తో మార్చాల్సినవి జమాత్ టైము, చాంద్ తారీఖు. చాంద్‌ని కోడుతో ముందే లెక్కగట్టి పెట్టారో, ఈద్ రోజున ఝగడా ఖాయం.

ఉర్దూ సంగతి ఇంకో తలనొప్పి. ఇన్‌పేజ్‌లో టైపు చేసి బొమ్మగా పెడితే నస్తాలీఖ్ ఖూబ్‌సూరత్‌గానే ఉంటుంది. కానీ అందులో మాట వెతకలేం, చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించడమూ కష్టమే. యూనికోడ్‌లో పెడదామంటే జమీల్ నూరీ లాంటి ఫాంటు ఎంబీల్లో దిగాలి. నేనైతే నస్ఖ్‌తో సరిపెట్టుకుంటాను. కాతిబ్ సాహెబులు మాఫ్ చేయాలి.

జకాత్ లెక్కకి మాత్రం జావాస్క్రిప్ట్ జరూరతే. బంగారం, నగదు, అప్పు వేస్తే, నిసాబ్ దాటినవాళ్ళకి రెండున్నర శాతం ఎంతో ఫోన్‌లోనే తేలుతుంది. సరిగ్గా రాస్తే ఇంటి లెక్క సర్వర్‌దాకా పోదు, పర్దా నిలుస్తుంది. ఆ ఒక్క పేజీకి పెట్టుకోండి, ఎవరు కాదన్నారు?

కమిటీవాళ్ళు పని అప్పగించే ముందు ఆ నౌజవాన్‌ని ఒక్క సవాల్ అడగండి: "బేటా, రేపు నీకు రియాద్‌లో నౌకరీ వస్తే, ఇక్కడ అస్ర్ జమాత్ టైము మార్చేదెవరు?"